మంచు బాటకి ఏ టైరు? ఫ్యాట్ బైక్ (లావు టైర్ల సైకిల్) ఉన్నవాళ్ల కోసం ఒక పోలిక

ముందు 20, 30 డాలర్లు పెట్టి గాలి కొలిచే గేజి ఒకటి కొనండి. 15 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల ఒత్తిడి అనే లెక్క) దాకా మాత్రమే చూపించే రకం. టైర్ల సంగతి తర్వాత. టైర్ల గురించి చెప్పమంటే గేజి గోల ఏమిటని విసుక్కోవద్దు. అది లేకపోవడం వల్లే నా మొదటి చలికాలం సగం పాడైంది. బాగున్న టైర్లని పనికిరానివి అనుకుని పక్కన పడేశాను.

మేముండేది మినియాపోలిస్ పక్కన ఈగన్‌లో. గరాజ్‌లో హీటర్ ఉంది, లోపల 20 డిగ్రీలు. నేను చెప్పే డిగ్రీలన్నీ సెల్సియస్. అక్కడే నిలబడి మామూలు పంపుతో గాలి కొట్టేవాణ్ణి. ఆ పంపు ముల్లు 160 దాకా తిరుగుతుంది, 6 దగ్గరుందో 9 దగ్గరుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. సరే, 6 అనుకుందాం. బయట మైనస్ 20. బైకు బయటికి తీసిన కాసేపటికి టైరులో గాలి కూడా చల్లబడి ముడుచుకుంటుంది. లెక్క కడితే ఆ 6 కాస్తా 3 చిల్లరకి దిగుతుంది. కారు టైరులో అదే చలికి 32 కాస్తా 26కి పడితే డాష్‌బోర్డులో ఒక లైటు వెలుగుతుంది, అంతే. ఫ్యాట్ బైక్‌కి సగం గాలి పోయినట్టే. మలుపు తిప్పితే టైరు పక్కకి మడత పడుతుంది, చెట్టు వేరు మీదికి ఎక్కితే రిమ్ము టంగుమంటుంది. నేనేమో టైరుని తిట్టుకున్నాను.

ఇప్పుడు బైకుని పది, పదిహేను నిమిషాలు బయట నిలబెట్టి, ఆ చలిలోనే గేజి పెట్టి చూస్తాను. చేతులు కొంకర్లు పోతాయి, తప్పదు.

గాలి గురించి ఇంకొక్క లెక్క చెప్పి అసలు విషయానికి వస్తాను. ఈ లెక్క అర్థమైతే సగం టైర్ల ప్రకటనలు చదవక్కర్లేదు. మనిషి, బట్టలు, బైకు కలిపి 100 కిలోలు, అంటే 220 పౌండ్లు అనుకోండి. అందులో అరవై శాతం వెనక చక్రం మీద పడితే 132 పౌండ్లు. టైరులో 6 పీఎస్ఐ ఉంటే నేలకి ఆనే భాగం సుమారు 22 చదరపు అంగుళాలు. 4కి దించితే 33. మామూలు మౌంటెన్ బైక్ టైరులో 25 పీఎస్ఐ ఉంటే 5 చదరపు అంగుళాల చిల్లర. టైరు గోడ బిరుసు కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి ఇవి అచ్చుగుద్దినట్టు రావు, కానీ దారి అదే. ఒంటె పాదం ఇసుకలో దిగబడకపోవడానికి కారణమేదో ఇక్కడా అదే. సన్న టైరులో 4 పీఎస్ఐ పెట్టలేం, రిమ్ము రాళ్లకి తగిలి వంకరపోతుంది. లావు టైరులో పెట్టగలం. వెడల్పుకి డబ్బు పెడుతున్నామంటే గాలి తగ్గించుకునే వీలుకి పెడుతున్నామన్నమాట.

పిండి, రవ్వ, గచ్చు, గాజు

మనకి స్నో అన్నా మంచే, ఐస్ అన్నా మంచే, తెల్లారి పొలం మీద పరుచుకునే పొగ కూడా మంచే. బైకు తొక్కడానికి మాత్రం ఈ ఒక్క మాట చాలదు. అందుకే ఇంట్లో మేము వంటింటి పేర్లు పెట్టుకున్నాం.

రాత్రి కురిసి, ఇంకా ఎవరూ తొక్కనిది పిండి. నాలుగు అంగుళాల లోపు ఉంటే సరదా, ఎనిమిది దాటితే ఏ టైరుకైనా కష్టమే.

ఎండకి కొంచెం కరిగి, రాత్రి గడ్డకట్టి, మళ్లీ విడిపోయి గింజలు గింజలుగా అయ్యేది రవ్వ. ఉప్మా రవ్వ పోసి దాని మీద నడిచినట్టుంటుంది. గోదావరి ఇసుక తిన్నెల్లో సైకిల్ తోసిన అనుభవం ఉన్నవాళ్లకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు.

వాలంటీర్లు గ్రూమింగ్ యంత్రంతో చదును చేసి, ఒక రాత్రి చలికి బిగుసుకున్న బాట గచ్చు. మైనస్ 10 కంటే చల్లగా ఉంటే టైరు కింద కిర్రుకిర్రుమంటుంది. ఆ శబ్దం వింటే ప్రాణం లేచొస్తుంది, ఆ రోజు ఏ టైరైనా పట్టుకుంటుంది.

నాలుగోది గాజు. కరిగిన నీళ్లు బాట మీదికి పారి గడ్డకట్టినది. చెట్ల నీడన, మలుపుల్లో, కొండవాలు నుంచి ఊట దిగేచోట ఉంటుంది. పైన అర అంగుళం పిండి కప్పుకుని కనపడకుండా కూడా ఉంటుంది. అన్నిటికంటే మోసం అదే. ఐసు ఎంత చల్లగా ఉంటే అంత జారుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి సున్నాకి దగ్గరగా, పైన సన్నని తడి ఉన్నప్పుడే ఎక్కువ జారుతుంది. మైనస్ 25లో ఐసు గరుకుగా ఉంటుంది. అందుకే జనవరి నడిమధ్యలో కంటే డిసెంబరు మొదట్లో, మార్చిలో ఎక్కువ పడతాం.

మీ బాట మీద ఈ నాలుగింటిలో ఏది ఎక్కువో కాగితం మీద రాసుకోండి. నేను తొక్కే లెబనాన్ హిల్స్ పార్కులో అయిదింట మూడు రోజులు గచ్చు, ఒక రోజు రవ్వ, ఒక రోజు అక్కడక్కడ గాజు. మీరు మిషిగన్ ఎగువ ద్వీపకల్పంలో ఉంటే సరస్సు మీద నుంచి వచ్చే మబ్బులు పిండిని కుమ్మరిస్తూనే ఉంటాయి, మీ లెక్క వేరు. టొరంటో వైపు ఉంటే వారం కరుగుడు, వారం గడ్డకట్టుడు. మీకు గాజే ఎక్కువ.

నాలుగు రకాల టైర్లు

లావు టైర్ల కథకి మా ఊళ్లకి దగ్గర చుట్టరికం ఉంది. 2005లో సర్లీ అనే కంపెనీ పగ్స్‌లీ అనే బైకుని, దానికి ఎండోమార్ఫ్ అనే 3.7 అంగుళాల టైరుని మార్కెట్లోకి తెచ్చింది. అలాస్కా, న్యూ మెక్సికోల్లో కొందరు సొంతంగా రిమ్ములు అతికించుకుని చేసుకుంటున్న పనిని దుకాణంలో కొనుక్కునే వస్తువుగా మార్చింది అదే. ఆ సర్లీ ఉన్నది మా పక్క ఊరు బ్లూమింగ్టన్‌లో. మేకుల టైర్లకి, అంటే ఐసుని కొరికే లోహపు మొనలు గుచ్చిన టైర్లకి, పేరుపడ్డ ఫార్టీఫైవ్ నార్త్ కంపెనీ కూడా అక్కడిదే. 45వ అక్షాంశ రేఖ మినియాపోలిస్ మీదుగా పోతుంది, పేరు అలా వచ్చింది. ఆ 2005లోనే యారోహెడ్ 135 పందెం కూడా మొదలైంది. రాష్ట్రం ఉత్తర కొస ఇంటర్నేషనల్ ఫాల్స్ నుంచి 135 మైళ్లు, జనవరి చివర్లో. మైనస్ 30, 40లలో తొక్కుతారు. నేను తొక్కను. ఇంట్లో ఒప్పుకోరు, ఒప్పుకున్నా తొక్కను.

ఇక టైర్లు. గచ్చు బాటకి నున్నగా దొర్లేవాటిలో ముందు చెప్పాల్సింది ష్వాల్బే జంబో జిమ్. బొడిపెలు చిన్నవి, దగ్గర దగ్గరగా ఉంటాయి. 4.0, 4.4, 4.8 అంగుళాల్లో దొరుకుతుంది. 4.8ది కూడా కిలోంబావుకి కాస్త అటూఇటూ. ఈ సైజుకి అది తేలికే. దీని మీద తొక్కితే బైకు మామూలు మౌంటెన్ బైకులా పరుగెడుతుంది. గచ్చు ఉన్న రోజు దీన్ని మించింది నాకు కనపడలేదు. రవ్వలో మాత్రం వెనక చక్రం గింగిరాలు తిరుగుతుంది, గాజు మీద దేవుడే దిక్కు. పక్కగోడ పలచన కాబట్టి రాళ్ల బాటలో ఎండాకాలం వాడాలనుకుంటే కొంచెం ఆలోచించుకోండి.

దీనికి పూర్తిగా ఎదురు రకం సర్లీవాళ్ల బడ్, లూ. రెండూ 26 అంగుళాల చక్రానికి, 4.8 వెడల్పు. బడ్ ముందుకి, లూ వెనక్కి. లూ బొడిపెలు చూస్తే నాకు మా ఊళ్లో వరినాట్లకి ముందు ట్రాక్టరుకి తగిలించే దమ్ము చక్రాలు గుర్తొస్తాయి. బురదని ఎలా తోసుకుంటూ పోతాయో, ఇది మంచుని అలా తోసుకుంటూ పోతుంది. బడ్‌కి బొడిపెలు నిలువు వరసల్లో ఉంటాయి, ముందు చక్రం పక్కకి జారకుండా పట్టుకుంటుంది. రవ్వలో, ఆరేడు అంగుళాల పిండిలో అందరూ దిగి తోసుకుంటున్నచోట బడ్, లూ వేసుకున్నవాడు కూర్చునే పోతాడు. దానికి మూల్యం ఉంది. ఒక్కోటి కిలోన్నర దాటుతుంది. గచ్చు మీద దడదడమంటూ, కాళ్లు లాగేస్తూ, పది మైళ్లు ఇరవైలా అనిపిస్తాయి. గాజు మీద ఎంత పెద్ద బొడిపె అయినా రబ్బరు రబ్బరే, జారుతుంది.

గాజు మీద పనికొచ్చేది మేకు ఒక్కటే. ఫార్టీఫైవ్ నార్త్ డిలింజర్ ఈ వర్గంలో అందరికీ తెలిసిన పేరు. 26 అంగుళాల చక్రానికి డిలింజర్ 4లో 240 మేకులు, కాస్త వెడల్పైన డిలింజర్ 5లో 258. అల్యూమినియం ఒంటికి టంగ్‌స్టన్ కార్బైడ్ మొన. మొన మధ్యలో చిన్న గుంట ఉంటుంది, ఆ గుంట అంచులే ఐసుని కొరుకుతాయి. చదును మొన ఉన్న చవక మేకుల కంటే ఇవి చాలా మెరుగు. అదే కంపెనీ రాత్‌చైల్డ్ అని ఇంకా మొరటు టైరు కూడా చేస్తుంది. మేకులు పెద్దవి, బొడిపెలు ఎత్తు. గడ్డకట్టిన వాగుల పక్కన నిట్టనిలువు ఎక్కుళ్లు ఉన్నవాళ్లకి తప్ప అంత అవసరం లేదని నా అభిప్రాయం.

డిలింజర్ గచ్చు మీద జంబో జిమ్ అంత చురుగ్గా ఉండదు. కానీ బడ్, లూ అంత బరువుగానూ అనిపించదు. రవ్వలో ఫరవాలేదు అనిపించుకుంటుంది. తారు రోడ్డు మీద మాత్రం సన్నగా చిటపటమని వేయించిన శబ్దం వస్తూ ఉంటుంది, కొంతమందికి అది చిరాకు. ధర చూస్తే గుండె ఒక్కసారి ఆగుతుంది. ఒక్కో టైరు 200 డాలర్ల పైమాటే. జత కొంటే పన్నుతో కలిపి ఇండియా టికెట్‌లో మూడో వంతు.

నాలుగో రకం మధ్యేమార్గం. టైరు ఇప్పుడు కొనుక్కో, మేకులు తర్వాత గుచ్చుకో అనేవి. బొడిపెల్లో ముందే చిన్న రంధ్రాలు ఉంటాయి. టెర్రీన్ కేక్ ఈటర్, బాంట్రేగర్ నార్వాల్ ఈ తరహావి. చెప్పడానికి బాగుంటుంది. నేను ఒక శనివారం సాయంత్రం డైనింగ్ టేబుల్ మీద పాత బెడ్‌షీట్ పరిచి కూర్చున్నాను. ప్రతి రంధ్రంలో సబ్బు నీళ్ల చుక్క వెయ్యాలి, మేకుని పనిముట్టు కొసకి తగిలించి లోపలికి నొక్కి తిప్పాలి, దాని వెడల్పాటి అడుగు రబ్బరులోకి దిగి టప్పుమని కూర్చోవాలి. వంకరగా కూర్చుంటే పీకి మళ్లీ మొదటికి. మొదటి యాభై అయ్యేసరికి అరచేతిలో బొబ్బ. మా అమ్మాయి వచ్చి "నాన్నా, బొట్టుబిళ్లలు అతికిస్తున్నావా?" అంది. ఒక్క టైరుకి రెండు గంటలు దాటింది. విడి మేకుల ధర కూడా తక్కువేం కాదు. రెండు టైర్లకీ నింపేసరికి ఇంకో టైరు ఖరీదు అవుతుంది. మీకు మేకులు కచ్చితంగా కావాలని ఇప్పుడే తెలిస్తే కంపెనీ గుచ్చి ఇచ్చినదే కొనండి. ఏమో, ఒక ఏడాది చూసి చెప్తాను అనుకునేవాళ్లకే ఈ రకం. మేకులు లేకుండా కూడా కేక్ ఈటర్ గచ్చు మీద హాయిగా దొర్లుతుంది కాబట్టి నష్టం లేదు.

మ్యాక్సిస్ మినియన్ ఫ్యాట్ టైర్ల గురించి కూడా అడుగుతుంటారు. మట్టి బాట మీద, రాళ్ల మీద అవి అద్భుతం. మంచుకోసమే కొనేవాళ్లు వాటి జోలికి పోనక్కర్లేదు.

హైదరాబాద్ నుంచి మా అన్నయ్య ఫోన్‌లో, అక్కడ ఇరవై వేలకే ఫ్యాట్ బైక్ వస్తోంది, టైర్లు అక్కడి నుంచి తెచ్చుకోవచ్చుగా అన్నాడు. అక్కడ అమ్మేవి చూపుకి ఇలాగే ఉంటాయి, 26 బై 4 అనే రాసుంటుంది. వాటి రబ్బరు, గోడ చాలా బిరుసు. మైనస్ 20లో చెక్కలా అయిపోతాయి. సూట్‌కేసులో ఆవకాయకి చోటు ఉంచుకోవడం మేలు.

పడుతుందా, పట్టదా

రెండో చలికాలంలో నేను చేసిన పిచ్చిపని ఇది. నా బైకుకి 4.0 టైర్లు వచ్చాయి. వెడల్పు ఎక్కువైతే మంచిదేగా అని 4.8ది ఒకటి వెనక చక్రానికి కొన్నాను. కొన్నచోట "పడుతుందండీ" అన్నారు. గరాజ్‌లో బిగిస్తే నిజంగానే పట్టింది, తిరిగింది, ఎక్కడా తగల్లేదు. సంతోషంగా బయల్దేరాను. బాట మీద మూడో మైలులో ఎక్కుడు వచ్చింది, అన్నిటికంటే తేలిక గేరుకి మార్చాను. ఆ గేరులో చెయిను లోపలివైపుకి, టైరుకి దగ్గరగా వస్తుంది. బొడిపెలు చెయినుకి తగిలి టకటకటకమని మొదలైంది. గేరు మార్చి నెట్టుకొచ్చాను. ఇంతలో టైరుకీ ఫ్రేముకీ మధ్య ఉన్న కాస్త సందులో మంచు ఇరుక్కుని గడ్డకట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి చక్రం తిరగడం ఆగిపోయింది. హెక్స్ కీతో (ఆరు పలకల బోల్టులు విప్పే పనిముట్టు) గీకడం, పది గజాలు పోవడం, మళ్లీ గీకడం. ఆ రోజు బైకు నన్ను మోసిన దానికంటే నేను బైకుని మోసిందే ఎక్కువ.

కాబట్టి కొనేముందు మూడు విషయాలు చూసుకోండి. చక్రం 26 అంగుళాలదా, 27.5దా. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు, రిమ్ము కొలత 559 మిల్లీమీటర్లు ఒకటి, 584 ఇంకోటి. ఫ్రేము తయారీదారు ఎంత వెడల్పు దాకా పడుతుందని రాశారో వాళ్ల సైటులో చూడండి, దుకాణంలో అడగడంతో సరిపెట్టుకోవద్దు. చివరిది, 6 మిల్లీమీటర్ల హెక్స్ కీ తీసుకుని ఇప్పుడున్న టైరుకీ ఫ్రేముకీ మధ్య రెండు పక్కలా దూర్చి చూడండి. ఇప్పుడే అది బిగుతుగా దూరుతుంటే ఇంకా వెడల్పు టైరు ఆశ వదులుకోండి. ముందు ఫోర్కు దగ్గర సాధారణంగా చోటు ఎక్కువే ఉంటుంది.

ఇంకో మెలిక ఏమిటంటే టైరు మీద అచ్చువేసిన వెడల్పు అన్ని రిమ్ముల మీదా రాదు. 65 మిల్లీమీటర్ల రిమ్ము మీద ఒకలా, 100 మిల్లీమీటర్ల రిమ్ము మీద ఇంకోలా ఉబ్బుతుంది. 4.8 అని రాసున్నది కొలిస్తే 4.5 రావడం మామూలే. కొత్తగా ఎక్కించిన టైరు రెండు మూడు రోజుల్లో కాస్త సాగుతుంది కూడా. వెంటనే కొలిచి సంబరపడకండి.

ట్యూబు ఉంచాలా, తీసెయ్యాలా

తీసెయ్యండి. లావు టైరు ట్యూబు ఒక్కోటి 400 గ్రాముల పైన ఉంటుంది. రెండూ తీసేస్తే కిలోకి కాస్త తక్కువ బరువు చక్రాల నుంచే పోతుంది. వందల డాలర్లు పోసి తేలిక టైరు కొనడం కంటే ఇది చవక. ట్యూబు లేకపోతే 4 పీఎస్ఐలో టైరు మెత్తగా వంగుతుంది, బాటని అంటుకుని పోతుంది. ఇబ్బంది ఎక్కించేటప్పుడే. ఇంత లావు టైరు రిమ్ము అంచులో టపటపమని కూర్చోవాలంటే చేతి పంపు చాలదు, కంప్రెసర్ కావాలి. ఈ పని అక్టోబరులోనే, వెచ్చగా ఉన్నప్పుడే చేసుకోండి. చిన్న చిల్లులు పూడ్చడానికి లోపల పోసే సీలెంట్ పాలలాంటి ద్రవం. కొన్ని రకాలు గట్టి చలికి గడ్డకడతాయి, డబ్బా మీద ఎంత చలి దాకా పనిచేస్తుందో రాసుంటుంది, అది చదివి కొనండి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లతో గాలి నింపితే చాలా సీలెంట్లు విరిగిపోతాయి.

టైరు గుడ్డలో దారాల లెక్క కూడా చూడండి. 120 టీపీఐ (అంగుళానికి ఇన్ని దారాలు) అంటే సన్న దారాలు, మెత్తని గోడ. 60 అంటే మొరటు, బరువు, కానీ కొంచెం చవక. మంచుకి మెత్తదనమే కావాలి. డబ్బు పెట్టగలిగితే 120.

మరి ఏది కొనాలి

మేపుల్ గ్రోవ్‌లో మన గుడి ఉంది, దానికి దగ్గర్లోనే ఎల్మ్ క్రీక్ పార్కు బాటలు. పొద్దున తొక్కేసి, బట్టలు మార్చుకుని గుడికి వెళ్లి పులిహోర తినొచ్చేవాళ్లం కొంతమందిమి ఉన్నాం. కిందటి నెల పార్కింగ్‌లో ఒక తమ్ముడు పట్టుకున్నాడు.

"అన్నా, ఇవన్నీ వద్దు. నా దగ్గర 250 డాలర్లున్నాయి. బైకుతో వచ్చిన టైర్లు ఉన్నాయి. ఏం చెయ్యమంటావ్?"

"ఎక్కడ పడ్డావ్ మొన్న?"

"వంతెన దాటాక మలుపులో. ముందు చక్రం పోయింది."

"అయితే ముందుకి ఒక్క డిలింజర్. వెనక ఉన్నదే ఉంచు."

నా సలహా చాలామందికి ఇదే. వెనక చక్రం జారితే బైకు తోక ఊపుతుంది, కాలు కింద పెట్టేంత టైము ఉంటుంది. ముందు చక్రం జారితే ఆ టైము ఉండదు. జారిందని తెలిసేలోపు తుంటి నేలకి తగులుతుంది. జత కొనే డబ్బు లేకపోతే మొదటి మేకుల టైరు ముందుకే పోవాలి. మిగిలిన డబ్బుకి గేజి, సీలెంట్.

మీ బాటని రోజూ గ్రూమింగ్ చేస్తారు, చలి నిలకడగా మైనస్ 10 కింద ఉంటుంది, వారాంతం పందేల్లో పాల్గొంటారు అంటే జంబో జిమ్ జత వేసుకోండి. ఒకటి రెండు గాజు రోజులు ఇంట్లో కూర్చుంటే పోయేదేం లేదు. మీ ఫ్రేము 4.8 పడుతుంది, గ్రూమింగ్ లేని అడవి బాటలే దిక్కు, మంచు తెగ కురుస్తుంది అంటే బడ్, లూ. ఫ్రేము 4.0 దగ్గరే ఆగిపోతే సర్లీదే నేట్ అని 3.8 టైరు ఉంది, వెనక్కి వేసుకోండి. దాని పట్టు దాని సైజుని మించి ఉంటుంది.

గడ్డకట్టిన సరస్సుల మీద తొక్కే సరదా ఉన్నవాళ్లకి మాత్రం రెండు చక్రాలకీ మేకులే, ఇందులో బేరం లేదు. గాలి మంచుని ఊడ్చేసి నల్లటి ఐసు బయటపెట్టినచోట ముందొక్కటే పట్టుకుంటే బైకు దాని చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. మినసోటా ప్రకృతి వనరుల శాఖ, మనిషి నడవడానికే కనీసం 4 అంగుళాల స్వచ్ఛమైన ఐసు ఉండాలంటుంది. నేను ఇంకా రెండు అంగుళాలు కలుపుకుంటాను, నాకు ఈత రాదు.

మేకుల టైరు కొత్తగా ఎక్కించాక మొదటి 40, 50 కిలోమీటర్లు మెత్తగా తొక్కండి. గట్టిగా బ్రేకు కొట్టొద్దు, ఎగిరి తొక్కొద్దు. రోడ్డు మీద కాస్త తిరిగితే మేకులు రబ్బరులో సర్దుకుని కూర్చుంటాయి. ఈ ఓపిక లేక మొదటి రోజే వాలు దిగుతూ బ్రేకు పట్టి అయిదారు మేకులు రాల్చుకున్నవాళ్లని చూశాను. ఇంట్లో చెక్క ఫ్లోరు మీద బైకు దొర్లించొద్దని నేను చెప్పక్కర్లేదు, ఇంట్లోవాళ్లే చెప్తారు.

ఇంకో మాట, టైరు ఏదైనా సరే. మీ వెనక అంగుళం కంటే లోతుగా గాడి పడుతుంటే దిగి గాలి తగ్గించండి. తగ్గించినా గాడి పడుతుంటే ఆ రోజుకి వెనక్కి తిరిగిపొండి. మెత్తగా ఉన్నప్పుడు పడ్డ గాడి రాత్రికి గడ్డకట్టి, తర్వాత వచ్చినవాడి ముందు చక్రాన్ని పట్టాలెక్కించినట్టు పట్టుకుంటుంది. బాటలు బాగుచేసేది జీతం లేని మనుషులు, తెల్లవారుజామున వచ్చి చేస్తారు. వాళ్లు బాట మూసి ఉందని పెడితే మేకులున్నా లేకున్నా మూసి ఉన్నట్టే.

ఇప్పుడు నా బైకుకి ముందు డిలింజర్ 5, వెనక మేకుల్లేని కేక్ ఈటర్. బయట మైనస్ 12 ఉంటే ముందు 4.5, వెనక 5.5 పీఎస్ఐ. నా బరువు 76, మీది పది కిలోలు ఎక్కువైతే అర పాయింటు కలుపుకోండి. ఆ 4.8 టైరు ఇంకా గరాజ్ గోడకి వేలాడుతోంది. మేపుల్ గ్రోవ్ తమ్ముడి ఫ్రేము వెడల్పైనదే, వచ్చే శనివారం హెక్స్ కీ పట్టుకుని వస్తానన్నాడు.